బండితో వచ్చినవాడు బండితోనే

మా అమ్మని నేనే బండిలో తీసుకెళ్ళి అత్తారింట్లో దింపి వచ్చాను. వచ్చాను అంటే అదే రోజు కాదు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరాలన్నది నా లెక్క. ఆ లెక్క ఎందుకు తప్పిందో నాకు తెలిసేసరికి వేసవి సగం అయిపోయింది.

రెండేళ్ళుగా మూసి ఉన్న అల్జీరియా సరిహద్దుని ఆ ఏడు జూలైలో తెరిచారు. ట్యునీషియా వైపు సరిహద్దుకి దగ్గరగా ఉన్న మా ఫెరియానాలో అందరూ సంబరపడ్డారు, చుట్టాల కోసం కొందరు, చవక పెట్రోలు కోసం మిగతావాళ్ళు. మా ఇంటికి మాత్రం తెరిచిన మర్నాడే ఒక పెద్దాయన దిగాడు. అంత ఎండలోనూ కోటు వేసుకుని, చేతిలో నీలం కాగితం చుట్టిన పంచదార దిమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పంచదార దిమ్మతో ఎవరైనా వచ్చారంటే పిల్లని అడగడానికే. మా ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఎవరూ లేరు. నా కూతురికి ఆరేళ్ళు.

ఆయన పేరు లజహర్. ఊరు తెబెస్సా, సరిహద్దుకి అవతల పక్క. గొర్రె ఉన్ని వ్యాపారం. సరిహద్దు మూయకముందు మా వీధిలో పరుపులకి ఉన్ని ఆయనే తెచ్చి అమ్మేవాడు. మూసేశాక ఉన్ని ఆగింది గానీ ఫోను ఆగలేదు. ఫోను మోగగానే అమ్మ మేడ మీదకి వెళ్ళేది. ఉన్ని ధర గురించి అంతంతసేపు మాట్లాడుకునే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. అయినా నాకు అనుమానం రాలేదు. అమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి, నాన్న పోయి చాలా ఏళ్ళయింది, అనుమానించడానికి ఏముంది?

"నీకిప్పుడు ఏం లోటు? మేమంతా లేమా?" అని అమ్మని అడిగాను, ఆయన వచ్చిన పని చెప్పి వెళ్ళాక.

"ఉన్నారు నాయనా, మీరంతా ఉన్నారు. అందుకేగా నాకు కాసేపు కూర్చోవడానికి కుదరదు" అంది అమ్మ, బీన్స్ ఈనెలు తీస్తూ.

నా భార్య హయెత్ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

నేను సంతల్లో గిన్నెలు, దుప్పట్లు అమ్ముతాను. వారంలో ప్రతి రోజూ ఒక ఊరి సంత. అమ్మ ప్రయాణం దాకా ఉన్న రెండు వారాలూ ఏ సంతకి వెళ్ళినా నాకంటే ముందు వార్త వెళ్ళింది. "ఏం లస్సాద్, మీ అమ్మ పెళ్ళికి మాకు పిలుపు లేదా?" అని ఒకడు. "సామానంతా నీ కొట్లోదే ఇస్తున్నావా, బయట కొంటున్నావా?" అని ఇంకొకడు. నవ్వి ఊరుకున్నాను గానీ లోపల రగిలిపోయేవాణ్ణి. కాగితాల పెళ్ళి మునిసిపాలిటీలో జరిగిన రోజున పక్కింటాయన వెళ్ళి సాక్షి సంతకం పెట్టాడు. నేను సంతకి వెళ్ళాను.

ఇక మిగిలింది అమ్మని ఆయనింటికి చేర్చడం. మా వైపు పెళ్ళికూతురు తనంతట తాను వెళ్ళకూడదు. పుట్టింటి మగవాడు తీసుకెళ్ళి, ఆ ఇంట్లో కూర్చుని భోంచేయాలి. అతను తినేదాకా కొత్త పెళ్ళికూతురు ఆ ఇంట్లో పొయ్యి ముట్టించదు, చుట్టంలా ఓ మూల కూర్చుంటుంది. తినకుండా వెనక్కి వచ్చేశాడంటే పిల్లని ఇచ్చినట్టు కాదు, దింపేసి పోయినట్టు. అలా దింపేసిన ఆడదాన్ని ఆ వీధి జన్మంతా అలాగే చూస్తుంది. మా మేనమామ ఈ పనికి రానని మొహం మీదే చెప్పేశాడు. మిగిలింది నేను.

"దింపుతాను. గేటు దగ్గర దింపుతాను. ఆ ఇంటి గడప తొక్కను, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నాను.

"నాలుగు ముద్దలు తింటే నీ సొమ్మేం పోతుందిరా?"

"తినను."

"సరే, దింపు" అంది అమ్మ.

మా బండి నాన్న నాటి ప్యూజో 404. వెనక తొట్టి, పైన గుడ్డ కప్పు. నాన్న మెకానిక్కు. ఆయన ఆ బండి కింద పడుకుని పని చేస్తుంటే పానాలు అందించేది అమ్మ. ఏ సైజు పానా కావాలో ఆయన అడగక ముందే చేతిలో పెట్టేది. నన్ను మాత్రం బడికి తరిమేవాడు. అందుకే ఇంజిన్ విషయంలో నాకు తెలిసిందల్లా నీళ్ళు పోయడం, నమ్మకం ఉంచడం.

బయల్దేరిన రోజు అమ్మ తెల్ల శాలువా కప్పుకుంది. చేతులకీ కాళ్ళకీ గోరింటాకు. తొట్టిలో ఒక పెట్టె, రెండు పరుపులు, గంపెడు నాగజెముడు పళ్ళు. వీధిలో ఆడవాళ్ళు కొందరు కేరింతలు కొట్టారు. పెళ్ళి బండి హారన్ కొట్టుకుంటూ కదలాలి, నేను కొట్టలేదు.

సరిహద్దు గేట్లున్న బూషెబ్కా దగ్గర పైన్ చెట్ల మధ్య బండ్ల వరస కిలోమీటరు దాకా ఉంది. రెండేళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆ నెలలోనే దాటుతున్నట్టున్నాయి. మా వైపు ముద్ర పడి, అల్జీరియా గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్కడ కస్టమ్స్ ఆయన లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ పాస్‌పోర్టులు తిరగేశాడు.

"ఆవిడెవరు?"

"మా అమ్మ."

"ఏం పని మీద?"

నేను స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

"పెళ్ళికి బాబూ" అంది అమ్మ.

"శుభం. ఎవరి పెళ్ళి పెద్దమ్మా?"

"నాదే."

ఆయన ఒకసారి అమ్మని, ఒకసారి నన్ను చూశాడు. తర్వాత లోపలున్న వాళ్ళని కేకేశాడు. ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి అమ్మకి శుభాకాంక్షలు చెప్పారు. వెనక బండిలో ఎవరో ఆడవాళ్ళకి విషయం తెలిసి నాలుక ఆడిస్తూ కేరింత అందుకున్నారు. అమ్మ తల వంచుకుని నవ్వుతోంది. నాకు ఆ పైన్ చెట్లలోకి పారిపోవాలనిపించింది.

కస్టమ్స్ ఆయన బండి నెంబరు నా పాస్‌పోర్టులో రాసి ముద్ర వేశాడు.

"బండితో వచ్చావు, బండితోనే పోవాలి. అమ్మడం, వదిలేయడం, ఇంకొకడి చేతికివ్వడం కుదరదు. బండి లేకుండా నువ్వొక్కడివే వస్తే గేటు దాటనివ్వం. తెలుసుగా?"

"తెలుసు. సాయంత్రానికి వచ్చేస్తాను."

"పెళ్ళికెళ్ళి సాయంత్రానికా?" అని ఆయన గేటు ఎత్తించాడు.

దారిలో అందరిలాగే నేనూ ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. లజహర్ ఇల్లు తెబెస్సా ఊరి చివర, సన్నటి సందులో. ముందు వాకిలి, దాని మీద ద్రాక్ష పందిరి. ఆయన కోటుతోనే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అమ్మ దిగింది. సామాను ఆయన బంధువులు దించుకున్నారు. నేను సీట్లోంచి లేవలేదు.

"లోపలికి రా నాయనా, ఎండలో వచ్చావు. చల్లటి నీళ్ళయినా తాగు" అన్నాడాయన.

"దాహం లేదు" అన్నాను. నా నాలుక అట్టకట్టుకుపోయి ఉంది.

ఆయన లోపలికి వెళ్ళగానే సందు చివర కొట్టుకి నడిచి వెళ్ళి సీసా నీళ్ళు కొనుక్కున్నాను. అక్కడే నిలబడి మొత్తం తాగి, ఇంకో సీసా దారికి పట్టుకుని వచ్చి బండి ఎక్కాను. తాళం తిప్పితే ఇంజిన్ గిరగిరా తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. నాన్న పోయాక కూడా నన్ను ఒక్క రోజు ఇబ్బంది పెట్టని బండి అది. ఇంతా వచ్చి సరిగ్గా ఆ గుమ్మం ముందు మొరాయించింది.

మెకానిక్కు అయ్యాష్ పక్క వీధిలోనే ఉన్నాడు. నా వయసు వాడే. ఇంజిన్ మూత తెరిచి, టోపీ వెనక్కి నెట్టి, నాలుక చప్పరించాడు.

"అన్నా, డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ పోయింది."

"పోవడం ఏంటి?"

"పోయిందంటే పోయిందన్నా. బొటనవేలంత ముక్క. అది లేకపోతే నిప్పు రాదు. మా ఊళ్ళో దొరకదు. కాన్‌స్టాంటిన్ పట్నం నుంచి రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చే వారం. దేవుడు తలిస్తే."

తెబెస్సాలో గొర్రెల తర్వాత ఎక్కువగా కనిపించేవి ప్యూజో 404లే. అలాంటి ఊళ్ళో బొటనవేలంత ముక్క దొరకలేదంటే ఎవడైనా అనుమానించాలి. నేను ఆ దేశపు పాలన ఇంతేనని తిట్టుకుని ఊరుకున్నాను. ఆ పూట తొట్టిలోనే పడుకున్నాను.

మర్నాడు షేర్ టాక్సీ ఎక్కి సరిహద్దుకి వెళ్ళాను. ముక్క వచ్చాక తిరిగి వచ్చి బండి తీసుకుపోవచ్చని నా ఆలోచన. అదే కస్టమ్స్ ఆయన ఉన్నాడు.

"బండేది?"

"చెడిపోయింది. మా వాళ్ళింట్లో ఉంది."

"నీ పాస్‌పోర్టులో బండి ఉంది. నీ వెనక లేదు."

"నిన్న మీరే రాశారు కదా, నేనెక్కడికి పోతాను? రెండు రోజుల్లో వస్తాను."

"అందరూ అదే చెప్తారు. బండి అమ్ముకుని నడిచి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో తెలుసా నీకు?"

"లాక్కొస్తే?"

"ఇక్కడిదాకా లాక్కురా, నాకేం. గేటుకీ గేటుకీ మధ్య ఎత్తుంది చూశావుగా, అక్కడ ఎవడు తోస్తాడు? పై నుంచి ఇంజిన్ నడవని బండిని మీవాళ్ళు తీసుకుంటారో లేదో నాకు తెలీదు." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా అమ్మ పెళ్ళికి వచ్చావు. నాలుగు రోజులుండి వెళ్ళవయ్యా. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

వెనక్కి వచ్చి మళ్ళీ బండిలో కూర్చున్నాను. ట్యాంకు నిండా పెట్రోలుంది, జేబులో పాస్‌పోర్టుంది, కదలడానికి లేదు.

కొట్టులో రొట్టె, డబ్బా చేపలు కొనుక్కుని తినేవాణ్ణి. నాలుగో రోజు మధ్యాహ్నం లజహర్ పళ్ళెం పట్టుకుని బయటికొచ్చాడు. అడగకుండానే పక్క తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నాడు. పళ్ళెంలో రొట్టె ముక్కలు, వాటి మీద మాంసం పులుసు. పళ్ళెం మా ఇద్దరి మధ్యా పెట్టాడు.

"మీ ఇంటి తిండి నేను తినను" అన్నాను.

"తినకు. నేను తింటాను. లోపల పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళ గోల." రెండు ముద్దలు తిని, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. "ఈ బండి ఎక్కడిది నాయనా?"

"ట్యునీషియాది."

"నెంబరు ప్లేటు?"

"ట్యునీషియాదే."

"మరింకేం? ఇందులో కూర్చుని తింటే ట్యునీషియాలో తిన్నట్టే. నేనే పరాయి దేశం వచ్చాను, పాస్‌పోర్టు కూడా తెచ్చుకోలేదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వానని కోపం కూడా వచ్చింది. రొట్టె, చేపలతో విసిగిపోయి ఉన్నాను. చెయ్యి దానంతటదే పళ్ళెంలోకి వెళ్ళింది. పులుసులో ఉప్పు భరించలేనంత ఉంది.

"నేనే వండాను. మీ అమ్మ ఇంకా పొయ్యి ముట్టకూడదు కదా" అన్నాడాయన మామూలుగా. ఎందుకు ముట్టకూడదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజు నుంచి అదొక పద్ధతైపోయింది. మధ్యాహ్నం పూట ఆయన బండి ఎక్కేవాడు, ఇద్దరం ఒక పళ్ళెంలో తినేవాళ్ళం. గొర్రెల గురించీ, వాన గురించీ, సరిహద్దు మూసిన రెండేళ్ళలో ఉన్ని ఎలా పాడైపోయిందో చెప్పేవాడు. అమ్మ గురించి ఒక్కసారే మాట్లాడాడు.

"మీ అమ్మ బాగా పాడుతుంది, ఎప్పుడైనా విన్నావా?"

"మా అమ్మా?"

"ఫోనులో పాడేది. మా మొదటి ఆవిడ పోయాక ఈ ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు లేదు."

నేను వినలేదు. మా ఇంట్లో అమ్మ పిల్లల్ని కేకలేయడం విన్నాను, కూరలవాడితో బేరమాడటం విన్నాను. పాట వినలేదు. ఆ రోజు పులుసు సగంలోనే వదిలేశాను.

గేటు తెరిచి ఉంటే బండిలోంచి వాకిలి కనిపించేది. ద్రాక్ష పందిరి కింద చాప మీద అమ్మ పడుకుని ఉండేది. పట్టపగలు, గోరింటాకు పాదాలు చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్ర. నాకు ఊహ తెలిశాక అమ్మ పగలు కన్ను మూయడం ఎప్పుడూ చూడలేదు. చూసి సంతోషపడాల్సింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ పడుకోగలిగిన మనిషి మా ఇంట్లో ఎందుకు పడుకోలేదు? ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు, అందుకే ఇంకా మండింది.

వీధిలో ఆడవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు నన్నూ బండినీ చూసేవాళ్ళు. ఒకసారి వాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి.

"తీసుకొచ్చింది ఇతనేనా?"

"కొడుకట."

"ఇంకా తినలేదా? అయ్యో, పాపం ఆవిడ."

అమ్మ ఏమీ విననట్టు వాళ్ళకి ఎదురొచ్చేది. కాఫీ మాత్రం ఆయన బంధువులావిడ ఎవరో ఇచ్చేది. అమ్మ అతిథిలా గోడవార కూర్చునేది. రోజుకొకసారి గుమ్మం దాకా వచ్చి, "లోపలికి రారా" అనేది. "ముక్క రాగానే వెళ్ళిపోతాను" అనేవాణ్ణి. "సరే" అని వెళ్ళిపోయేది. రెండోసారి అడిగేది కాదు.

ముక్క రాలేదు. వచ్చే వారం అన్న అయ్యాష్ ఆ వారం పోయాక కూడా వచ్చే వారమే అన్నాడు. హయెత్‌కి ఫోను చేసి, ఫెరియానాలో కొని ఎవరైనా డ్రైవరు చేత పంపమన్నాను.

"ఇక్కడా దొరకడం లేదు" అంది.

"మన వీధి చివరే స్పేర్ పార్టుల కొట్టుంది కదే!"

"అతను పెళ్ళికెళ్ళాడు. కొట్టు మూసుంది. నువ్వు తింటున్నావా సరిగ్గా?"

"తింటున్నాను."

"ఎక్కడ?"

"బండిలో."

"అత్తయ్య వెళ్ళాక ఈ ఇంట్లో పని ఎంతుంటుందో నాకు తెలిసింది లస్సాద్. నువ్వు కూడా కాస్త తెలుసుకుని రా" అని పెట్టేసింది.

మూడో వారం శుక్రవారం పొద్దున విసుగెత్తి అయ్యాష్ షెడ్డుకి వెళ్ళాను. అతను లేడు, స్నానానికి వెళ్ళాడట. నీడలో కూర్చుందామని లోపలికి వెళితే ఎదురుగా గోడకి మేకు, మేకుకి తీగ, తీగకి గుచ్చి వరసగా రోటర్లు. కొత్తవి, పాతవి, ఎర్రవి, నల్లవి. మూత కింద ఖాళీ చోటుని నేను అన్ని రోజులూ చూసి ఉన్నాను, అందులో ఏం పట్టాలో నాకు కూడా తెలిసింది. ఒకటి తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

అయ్యాష్ తల తుడుచుకుంటూ వచ్చి, నన్నూ నా చేతినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కాన్‌స్టాంటిన్ నుంచి ఇవన్నీ ఎప్పుడొచ్చాయి?" అన్నాను.

"అన్నా, నా మీద కోప్పడకు. మీ అమ్మ, మబ్రూకా పిన్ని, మొదటిరోజే నువ్వు రాకముందు పెరటి దారిన వచ్చి చెప్పింది. వాడు లోపలికొచ్చి తినేదాకా నీ కొట్లో ఈ ముక్క లేదు అని. పెళ్ళికూతురు చేతులు పట్టుకుని అడిగితే కాదని ఎలా అనను?"

"మరి నా బండిలోది?"

"పిన్ని దగ్గరే ఉంది. శాలువా కొసకి ముడేసుకుంది." అతను మెడ గోక్కున్నాడు. "మీ ఆవిడకి కూడా చెప్పింది. నా ఫోనులోంచే."

సందులోంచి నడిచి వస్తుంటే నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. వీధి వీధంతా తెలిసిన విషయం నాకొక్కడికే తెలియదన్నమాట. గేటు దగ్గరికి చేరేసరికి కోపం కూడా వచ్చేసింది. అమ్మ గుమ్మానికి అవతల నిలబడి ఉంది. నేను ఇవతలే ఆగి అరచెయ్యి చాపాను.

"ఇదేంటమ్మా?"

"రోటర్" అంది, ఏ తొట్రుపాటూ లేకుండా.

"నువ్వే తీశావా?"

"తీశాను. నువ్వు నీళ్ళు కొనుక్కోవడానికి వెళ్ళినప్పుడు. ఈ ఇంటి నీళ్ళు తాగి ఉంటే తీయడానికి నాకు వీలు చిక్కేది కాదు."

"నాకు ఎన్ని సంతలు పోయాయో తెలుసా? బండి లేకుండా నన్ను గేటు దాటనివ్వరని నీకు తెలుసు."

"తెలుసు. ఆయన చెప్తుంటే నీ పక్కనే కూర్చున్నాను కదా."

"ఇలాంటి పని చేస్తావా? అడగొచ్చు కదా!"

"అడిగాను. ఇంట్లో అడిగాను. రోజూ ఇక్కడ నిలబడి అడిగాను. మీ మామయ్య మొహం తిప్పుకున్నాడు. నువ్వూ దింపేసి పోతే ఈ ఊళ్ళో నన్ను ఇచ్చినవాళ్ళు ఎవరని చెప్పను? పాత పరుపు దింపినట్టు దింపి పోయాడు నా కొడుకు అని చెప్పనా?" అమ్మ గొంతు పెంచలేదు. "మీ నాన్న నాకు నేర్పిన విద్య అదొక్కటే. అదే చేశాను. ఇప్పుడు ముక్క నీ చేతిలో ఉంది. వెళ్తే వెళ్ళు. ఇక నేను ఆపను."

శాలువా కొస ముడి విప్పి మా రోటర్ కూడా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మూత తెరిచి బిగించాను. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఆ చప్పుడుకి సందులో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. వెళ్ళాలనే అనుకున్నాను, అందులో దాపరికం లేదు. మధ్యాహ్నం అవుతోంది. లజహర్ పళ్ళెం పట్టుకుని వస్తాడని చూశాను. వస్తే ఆయన మొహం మీదే చెప్పి పోదామని కాబోలు. ఆయన రాలేదు. అమ్మ కూడా గుమ్మంలోకి రాలేదు. నన్ను ఆపడానికి ఎవరూ లేరు. కాసేపు గేరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. తర్వాత ఇంజిన్ ఆపి, దిగి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళాను.

ఆయన పందిరి కింద పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. అమ్మ గోడవార తన చోటులోనే ఉంది. చేతులు కడుక్కుని కూర్చుని తిన్నాను. పులుసు రోజూలాగే ఉంది.

"ఉప్పెలా ఉంది?" అన్నాడాయన.

"ఎక్కువైంది."

"రోజూ అంతే వేస్తాను. బండిలో ఉండగా చెప్పలేదేం?"

"అక్కడ మీరు అతిథి."

ఆయన తల వెనక్కి వాల్చి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు అమ్మ లేచింది. చేతులు శాలువాకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, ఆ వెంటనే గ్యాసు అంటుకున్న చప్పుడు వినిపించాయి. పుదీనా టీ చేసి పళ్ళెంలో పెట్టుకుని తెచ్చింది. మొదటి గ్లాసు నాకిచ్చింది. మా ఇంట్లో మొదటి గ్లాసు ఎప్పుడూ బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చేది. చేతిలోకి తీసుకుని, మెల్లగా చివరి చుక్క దాకా తాగాను.

సాయంత్రం బయల్దేరాను. అమ్మ రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. గేటు దాకా వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, నేను పక్క తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను, అమ్మ ఎక్కుతుందని. అమ్మ నవ్వి, తలుపు మెల్లగా మూసి, తాళం పడిందో లేదో లాగి చూసింది.

"పిల్లల్ని తీసుకుని రా. హయెత్‌ని కూడా. పండగ దాకా ఆగక్కర్లేదు" అంది.

"బాబాయ్, వస్తాను" అని ఆయనతో అన్నాను.

సరిహద్దు దగ్గర వరస తక్కువగా ఉంది. ఆ లావుపాటి కస్టమ్స్ ఆయనే ఉన్నాడు. నా పాస్‌పోర్టులో నెంబరు చూసి, బండి చుట్టూ తిరిగి ప్లేటు చూసి, నెంబరు మీద గీత కొట్టాడు.

"ఏమయ్యా, సాయంత్రానికి వస్తానన్నావు. ఇది ఏ సాయంత్రం?"

"ఇదే."

"బండి లెక్క సరిపోయింది. వచ్చేటప్పుడు పక్కన మీ అమ్మ ఉందిగా?"

పక్క సీటు వైపు చూశాను. రొట్టెల మూట ఉంది.

"ఇచ్చి వస్తున్నాను" అన్నాను.

ఆయన ముద్ర వేసి, పాస్‌పోర్టు నా చేతికిచ్చి గేటు ఎత్తించాడు.